థోవక్క చేసిన కాగితం మనుషులు

థోవక్క చేసిన వస్తువు ఒక్కటి కూడా ఈ లోకంలో మిగల్లేదు. నలభై మూడేళ్ళుగా గుర్రాలు చేసింది, ఏనుగులు చేసింది, పడవలు, మేడలు, మోటారు సైకిళ్ళు, ఈమధ్య సెల్‌ఫోన్లు కూడా చేసింది. అన్నీ కాగితానివే, అన్నీ పోయినవాళ్ళకి కాల్చి పంపడానికే. పొద్దున మా సందులో వ్యాన్ ఎక్కిన గుర్రం సాయంత్రానికి ఎవరి వాకిట్లోనో బూడిద. దాన్ని ఏ మనిషీ అరగంట కన్నా ఎక్కువ చూసి ఉండడు. "వంటవాళ్ళ బతుకేరా మనదీ. పెట్టడం, గిన్నెలు కడుక్కోవడం," అనేది ఆవిడ.

నా పేరు క్వీ. హనోయికి దగ్గర్లో ఊరు మాది, ఆవిడకి ఎదురిల్లు నాది. నేను వెదురు చీలుస్తాను, ఆవిడ ఆ బద్దల్ని వంచి కట్టి కాగితం అంటిస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఒకప్పుడు ఏటి కట్ట మీద మా వెదురు మాకు ఉండేది. ఇప్పుడు ఏరు నల్లగా మురిగిపోయింది, కట్ట మీద మేడలు లేచాయి, వెదురు కొండల మీంచి లారీల్లో వస్తోంది. చీల్చీ చీల్చీ నా కుడి బొటనవేలు వంగడం మానేసింది. థోవక్క వేళ్ళు పొద్దున్నే వేడినీళ్ళలో పెడితే గానీ తెరుచుకోవు. మా ఇద్దరివీ కలిపితే ఒక పూర్తి చెయ్యి వస్తుందేమో.

మంచి బొమ్మ అంటే ఏమిటని మా సందులో ఎవర్నడిగినా ఒకటే చెప్తారు. నిలబెడితే నిలబడాలి, అంటిస్తే పుల్ల మిగలకూడదు. పుల్ల మిగిలిందంటే ఆ గుర్రం అటువైపుకి కుంటుతూ చేరుతుందని లెక్క. థోవక్క గుర్రానికి అగ్గిపుల్లంత వెదురు కూడా మిగిలేది కాదు. ఆవిడ గొప్పతనం అంతా అదే, అది చూడ్డానికి బూడిద కెలకాలి.

ఇంకో సంగతి. ప్రతి బొమ్మ కడుపులో చిన్న గంటు వదులుతాం. పోయినవాళ్ళ పేరు, ఊరు, పంపేవాళ్ళ పేరు చీటీ మీద రాసి ఆ గంటులోంచి లోపల వేసి, పైన కాగితం ముక్క అంటించేస్తాం. చీటీ పడనంతవరకూ అది వట్టి కాగితం, పిల్లలు ఆడుకున్నా తప్పు లేదు. చీటీ పడిందంటే మాత్రం అది ఫలానావాళ్ళది. ఇక దాన్ని కాల్చకుండా ఉంచకూడదు. ఉంచితే పంపినవాళ్ళు పంపనట్టూ కాదు, అందుకోవాల్సినవాళ్ళు అందుకున్నట్టూ కాదు.

ఆ చీటీలు వేసే పని థోవక్క వాళ్ళమ్మది. పేరు తామ్. ఎనభై ఆరేళ్ళు. నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. కళ్ళు పూర్తిగా మసకేసినా ఆ పని మాత్రం వదల్లేదు. గంటు ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కునేది. కాగితం అంటించే కర్రపెండలం గంజి ఒంటికి, మంచానికి, పిల్లికి కూడా పూసేది గానీ, ఒక్క చీటీ తప్పు కడుపులో వేసిన రోజు లేదు.

అవ్వ తండ్రి పేరు లాయ్ వాన్ సాన్. ఫ్రెంచి దొరల కాలంలో గట్టు తెగి పంట పోయిన ఏడు, అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి హైఫోంగ్ రేవులో ఓడెక్కాడు. మావాళ్ళు కొత్త దీవి అనే చోటికి, నికెలు గనుల్లో తవ్వడానికి. అప్పటికి అవ్వ ఇంకా వాళ్ళమ్మ కడుపులో మూడు నెలల పిల్ల. అయిదేళ్ళు అయ్యాయి, పదేళ్ళు అయ్యాయి. దొరలే వెళ్ళిపోయారు, ఆయన రాలేదు. ఉత్తరం లేదు, ఫోటో లేదు, పోయినట్టు కబురూ లేదు. పోయిన తిథి తెలియనివాళ్ళకి ఇల్లు వదిలిన రోజే తద్దినం. అందుకని ఏటా రెండో నెల తొమ్మిదో నాడు వాళ్ళింట్లో ఒక జత కాగితం బట్టలు కాలుస్తారు.

ఇవన్నీ మూఢనమ్మకాలని ప్రభుత్వం ఆపేసిన రోజుల్లో కూడా కాల్చారు. థోవక్క చిన్నపిల్ల అప్పుడు. వాళ్ళమ్మ మంచం కింద దూరి చొక్కా కత్తిరించేదట, అన్నం కుండ కింద పొయ్యిలో పెట్టేదట. "ఆ రోజు అన్నం మాడు వాసన వచ్చేదిరా. మాకు తాత అంటే మాడన్నమే," అని నవ్వేది థోవక్క. థోవక్క అమ్మమ్మ, అంటే సాన్ భార్య, మాత్రం ఆయన ఊసు ఎవరి దగ్గరా ఎత్తేది కాదట. అప్పుడప్పుడూ కూతురి మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "ఫోటో ఎందుకు? మీ నాన్న మొహం నీకే ఇచ్చిపోయాడు," అనేదట.

థోవక్క మొగుడు కాలేయం పాడై చనిపోయి పదిహేనేళ్ళు. ఒక్కతే కూతురు, ఫోన్ల ఫ్యాక్టరీలో పని. "అమ్మా, నేను నిజం ఫోన్లు చేస్తాను, నువ్వు దొంగ ఫోన్లు చేస్తావు," అంటుంది వచ్చినప్పుడల్లా. పని నేర్చుకునేవాళ్ళు లేరు. థోవక్క ఎవరినీ రమ్మని అడగలేదు కూడా. అడగడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

అలాంటి ఇంటికి నిరుడు వానాకాలం చివర్లో మియెన్ అనే అమ్మాయి వచ్చింది. హనోయి పిల్ల, ముప్పై దాటి ఉంటాయి, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. వీడియోలు తీస్తుంది, శబ్దాలు పట్టుకొస్తుంది, బొమ్మలు నిలబెడుతుంది, అన్నీ కలిపి ఒక గదిలో పెడితే దాన్ని కళ అంటారట. దొరల కాగితాల గుట్టల్లో వెతికి ఇరవై ఏడు ఫోటోలు పట్టుకొచ్చింది. కొత్త దీవికి వెళ్ళిన కూలీలు. ఒక్కొక్కడి ఛాతీ మీద పలక, పలక మీద నంబరు. పేర్లున్న పుస్తకం దొరకలేదట. అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అని మాత్రం తెలిసింది.

"పెద్దమ్మా, ఈ ఇరవై ఏడుగుర్నీ నిలువెత్తున చేసిపెట్టాలి. మొహాలు ఈ ఫోటోల్లో ఉన్నట్టే రావాలి," అంది.

"మా మనుషులందరికీ ఒకటే మొహమమ్మాయీ. రెండు కళ్ళు, ఎర్ర పెదాలు. అటువైపు ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు."

"ఇవి కాల్చడానికి కాదు పెద్దమ్మా. ఉంచడానికి."

థోవక్క నావైపు చూసింది. నలభై మూడేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

మియెన్ ఇంకా చాలా చెప్పింది. ఆ దీవిలో కొండల్ని గీకేస్తే ఎర్రమట్టి వానలకి జారి సముద్రంలో పడిందట, చేపలు పోయాయట, గీకిన చోట ఇప్పటికీ చెట్టు మొలవదట. మనుషుల పక్కన ఆ ఎర్రకొండ కూడా పెడుతుందట. థోవక్క అంతా విని, "మన ఏటిని చంపడానికి దొరలు కూడా అక్కర్లేకపోయింది," అని గంజి కలపడానికి లేచింది.

మూడు నెలలు పట్టింది. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు, ఎక్కడ చూసినా మనుషులే. అన్నం తింటుంటే వెనక నుంచి చూస్తున్నట్టుండేది. ఆ ఫోటోల్లో తాత ఉన్నాడేమో అని థోవక్క వెతికిందో లేదో నేను అడగలేదు. ఆవిడే ఒకరోజు అంది. "ఎవడైనా కావచ్చురా. ఎవడూ కాకపోవచ్చు. నాకెలా తెలుస్తుంది?" ఆ మాట అంటున్నప్పుడు ఒకడికి చెవి అతికిస్తోంది, చెయ్యి ఆపలేదు.

ఒక మధ్యాహ్నం అవ్వ మంచం మీంచి, "ఎవరివే ఇన్ని?" అంది.

"కొత్త దీవికి వెళ్ళినవాళ్ళవమ్మా."

అవ్వ ఇంకేం అడగలేదు. చెప్పాల్సింది ఇంకా ఉందని థోవక్కకీ తోచలేదు. కాగితం మనిషిని కాల్చడానికి కాక ఇంకెందుకు చేస్తారు? మా సందులో పుట్టినవాళ్ళెవరైనా అదే అనుకుంటారు. పైగా ఇరవై ఏడుగురి కడుపుల్లోనూ థోవక్క గంటు వదిలింది. అవసరం లేదు, అయినా వదిలింది. చేతి అలవాటు. మర్నాడు చూస్తే గంటులన్నీ మూసి ఉన్నాయి. తనే మూశానేమో అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. అంత అలిసిపోయి ఉన్నాం.

హనోయిలో పాత రైలు గోదాములో ప్రదర్శన పెట్టారు. మొదటి రోజు మమ్మల్ని తీసుకెళ్ళారు. చీకటి చేసిన పెద్ద హాలు, గోడల మీదా మనుషుల మీదా సముద్రం కదులుతోంది, నాలుగు మూలల నుంచీ అలల హోరు. జనం ఒక్కొక్క మొహం ముందూ ఆగి చూస్తున్నారు. థోవక్క చేసినదాన్ని జనం అంతసేపు చూడ్డం నేనదే మొదటిసారి చూడటం. ఆవిడ మాత్రం ఒక మూల నిలబడి కాళ్ళు నొప్పులంది.

నెల తిరిగేసరికి చలికాలం చివరి చెమ్మ దిగింది. గోడలు చెమర్చే రోజులు. మా బొమ్మలు ఒక్కరోజుకి చేసినవి, వాటికేం తెలుసు? మోకాళ్ళు వంగడం మొదలైంది. థోవక్కకి మొహం చెల్లలేదు, వెళ్ళి బాగుచేస్తానంది.

"వద్దు పెద్దమ్మా. ఇలాగే బాగుంది. ఎంతమంది ఏడుస్తున్నారో తెలుసా?" అంది మియెన్ ఫోన్లో.

ఫోన్ పెట్టేసి థోవక్క, "బాగుందట. వాళ్ళు మోకాళ్ళ మీద పడుతుంటే బాగుందట," అంది.

ఆ తర్వాతే కబురొచ్చింది. బొమ్మలన్నిటినీ ఒక మ్యూజియం తీసుకుంది. అప్పుడు ఓడ పంపిన దొరల దేశంలోనే. ఇరవై ఏడు చెక్కపెట్టెలు, పెట్టెకో నంబరు, మళ్ళీ హైఫోంగ్ రేవు నుంచే. మియెన్ ఆనందం పట్టలేకపోయింది. మూడేళ్ళు అప్పులపాలై చేసిన పని ఆ పిల్లది, పాపం, ఎందుకు ఆనందపడదు?

రెండో నెల ఆరో నాడు నేను వెదురు బద్దలు వెయ్యడానికి వెళ్ళాను. అవ్వ వారం నుంచి అన్నం గంజి తప్ప ఏమీ తాగడం లేదు. థోవక్క తద్దినానికి నీలం కాగితం చొక్కా కత్తిరిస్తోంది.

"ఈ ఏడు చొక్కా ఎందుకే?" అంది అవ్వ. "మనిషినే పంపావుగా. ఎప్పుడు కాల్చావు? నన్ను పిలవనైనా లేదు."

"ఏ మనిషిని?"

"ఆ మనుషుల్నే. కొత్త దీవి వాళ్ళని. చీటీ వేశానుగా."

థోవక్క చేతిలో కత్తెర ఆగింది. "ఎక్కడ వేశావమ్మా?"

"కడుపులోనే. ఇంకెక్కడ వేస్తారు? ఇన్నేళ్ళొచ్చాయి, ఇదొక ప్రశ్న!"

"వాటిని కాల్చలేదమ్మా. అవి ప్రదర్శనలో ఉన్నాయి. ఓడెక్కిస్తున్నారు."

అవ్వ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. తర్వాత, "మళ్ళీ ఓడా?" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. ఏ బొమ్మలో వేశావమ్మా అని థోవక్క నాలుగుసార్లు అడిగింది. ఇటు తిరగలేదు. గంజి ముట్టుకోలేదు.

పెట్టెలకి మేకులు కొట్టేది ఎల్లుండి. మర్నాడు పొద్దున్నే నా మోటారు సైకిల్ మీద ఇద్దరం హనోయి వెళ్ళాం. దారంతా తుంపర. థోవక్క వెనక కూర్చుని ఒక్కటే మాట, "తాత కడుపులో పేరు పెట్టుకుని ఆగిపోయాడురా. నేనే ఆపాను. అమ్మ ఈ నెల దాటదు, ఆవిడ పోయేలోపు ఆయన్ని పంపకపోతే నన్ను నేను చూసుకోలేను."

మియెన్ గోదాము తలుపు తీసింది. సంగతి విని తెల్లబోయింది. "ఇరవై ఏడింట్లో ఏదో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?"

"ఊపితే తెలుస్తుంది. ముందు ఆ సముద్రం ఆపమ్మాయీ, నాకు వినపడాలి."

అలలు ఆగాయి. వాన కప్పు మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. థోవక్క మొదటివాడిని నడుం దగ్గర పట్టుకుని లేపి, కడుపుకి చెవి ఆనించి మెల్లిగా ఊపింది. లోపల గరగరమంది.

"దొరికాడు!" అంది. ఆవిడ మొహం అంత వెలగడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది.

నేను ఊరికే ఉండొచ్చు కదా. పక్కవాడి మోకాలు మరీ వంగిపోయిందని సర్దబోయాను. వాడి కడుపులోనూ గరగరమంది.

ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. మూడోవాడిని ఊపాం. నాలుగోవాడిని ఊపాం. ఆ తర్వాత ఊపాల్సిన పని లేదు గానీ, చివరిదాకా ఊపాం. ఇరవై ఏడుగురి కడుపుల్లోనూ చీటీలున్నాయి.

థోవక్క సంచీలోంచి తడిగుడ్డ తీసి మొదటివాడి గంటు నానబెట్టి, రెండువేళ్ళతో చీటీ లాగింది. అవ్వ రాత. కళ్ళు కనపడని చెయ్యి, ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కింది. మియెన్ దీపం దగ్గర పట్టుకుని చదివింది.

"లాయ్ వాన్ సాన్ గారికి. నువ్వు వెళ్ళాక పుట్టాను నాన్నా. నా పేరు తామ్. అమ్మ పోయింది. నీ మొహం నాకు తెలియదు. ఇందులో నువ్వెవరైతే వాళ్ళు చదువుకో."

ఇంకో మూడు కడుపుల్లోంచి తీసి చూశాం, అవీ అంతే. ఒక్క మాట తేడా లేదు. తండ్రి మొహం ఏదో తెలియని ముసలిది, ఒక్కతే కూర్చుని, అందరికీ రాసింది. థోవక్క చీటీలు మోకాళ్ళ మీద పెట్టుకుని ఏడ్చింది. నేను ఆవిడ ఏడవగా చూసింది అదొక్కసారే. మొగుడు పోయినప్పుడు కూడా పాడె పక్కన కూర్చుని కాగితం చెప్పులు అతికించింది.

మియెన్ కూడా ఏడుస్తోంది. ఏడుస్తూనే, "పెద్దమ్మా, నేనిది వీడియో తీసుకోవచ్చా?" అంది.

"నీ చెయ్యి ఊరికే ఉండలేదు కదే! మా అమ్మ రాసుకున్న ఉత్తరాలు, నీకు సినిమానా?"

ఆ పిల్ల తల దించుకుంది. చాలా మెల్లిగా, "అయితే పంపను. రద్దు చేస్తాను. అందర్నీ ఊరికి తీసుకెళ్ళి కాల్చేద్దాం," అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది, నాకు తెలుసు.

థోవక్క ఆ వంగిన మోకాళ్ళవాళ్ళనందర్నీ ఒకసారి కలియజూసింది. నేనైతే సరే అనేవాణ్ణి. ఆవిడ అనలేదు.

"మూడేళ్ళ కష్టం బుగ్గి చేసుకుంటావా? కాగితం నీది, పట్టుకుపో. పేరు మాది, ఇచ్చెయ్యి. వీళ్ళని అక్కడివాళ్ళు కూడా ఓసారి చూడనీ."

"కడుపులు ఖాళీ అయిపోతాయి పెద్దమ్మా."

"అప్పుడు మాత్రం నిండు కడుపులతో వెళ్ళారా?"

మిగతా గంటులు కూడా విప్పి, చీటీలు తీసి, అన్నీ మళ్ళీ అంటించేసరికి మధ్యాహ్నం దాటింది. మియెన్ ఒక్కొక్కణ్ణి పసిపిల్లాడిని పట్టుకున్నట్టు పట్టుకుంది. థోవక్క వేళ్ళు మధ్యలో బిగుసుకుపోతే ఆ పిల్లే టీ నీళ్ళు వేడి చేసి తెచ్చి, గిన్నెలో ఆవిడ చేతులు ముంచింది. ఇంటికొచ్చాక థోవక్క, "చెడ్డది కాదురా. చూసిందల్లా దాచుకోవాలనే రోగం, అంతే," అంది.

ఎనిమిదో నాడు నేను ముప్పై ఏళ్ళలో చీల్చనంత సన్నంగా వెదురు చీల్చాను. బొటనవేలు వంగకపోయినా చీల్చాను, సేమియా అంత సన్నం. థోవక్క ఒక్క మనిషిని కట్టింది. కడుపులో ఇరవై ఏడు చీటీలూ వేసింది. తర్వాత రంగుల గిన్నె పెట్టుకుని, నిద్రపోతున్న అమ్మ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. మేం మొహానికి మామూలుగా రెండు నిమిషాలు. ఆవిడ మధ్యాహ్నం అంతా గీసింది. తల్లి వైపు చూడ్డం, కాగితం మడిచి బుగ్గ ఎముక ఎత్తడం, మళ్ళీ చూడ్డం. నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపింది.

తొమ్మిదో నాడు పొద్దున్నే పెట్టెలు రేవుకి బయల్దేరాయని మియెన్ ఫోన్ చేసింది. మేం అవ్వని దుప్పటి చుట్టి వాకిట్లోకి ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. తుంపర ఆగింది. థోవక్క బొమ్మని దగ్గరికి తెచ్చింది.

"తాతని తెచ్చానమ్మా. చూడు."

అవ్వ చెయ్యి చాపింది. నుదురు తడిమింది, కనుబొమ్మలు తడిమింది, ముక్కు దగ్గర ఆగింది. రెండో చెయ్యి తన మొహం మీదికి తీసుకెళ్ళింది. అటూ ఇటూ చాలాసేపు తడుముకుంది.

"ఏమే, నన్ను చేశావేంటే? ఈ బుగ్గ నాది కదూ?"

"నీది కాదమ్మా. ఆయనదే. నీకిచ్చి వెళ్ళాడు."

అవ్వ ఆ బుగ్గని ఇంకోసారి తడిమింది. రెండు చేతులూ ఆ మొహం మీదే ఉంచుకుంది. మేం తొందరపెట్టలేదు. చివరికి తనే చేతులు తీసి, "ఊఁ, అంటించు," అంది.

నేను అగ్గిపుల్ల గీశాను. చెమ్మరోజు కదా, రాజుకోదేమోనని భయపడ్డాను. రాజుకుంది. బట్టలు పోయాయి, కడుపు పోయింది, మొహం అన్నిటికన్నా చివర్న పోయింది. థోవక్క ఒక్కసారి కూడా కళ్ళు తిప్పుకోలేదు.

"పుల్ల మిగిలిందా?" అంది అవ్వ.

నేను కర్రతో బూడిదంతా కెలికి చూశాను. "లేదవ్వా. ఒక్కటి కూడా లేదు."

"అయితే ఇప్పటికి ఆయనకి నా పేరు తెలిసింది," అంది అవ్వ. "ఇక లోపలికి తీసుకుపోండి, చలేస్తోంది."